మూడు ముక్కల నమూనా

మునిసిపల్ ఇంజనీరు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అనుభవం చెప్పండి సార్ అంటారు. నేను మురుగు కాల్వ వాలు గురించి మొదలుపెడతాను. ఐదు నిమిషాల్లో వాళ్ళ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతుంది. అందుకని ఈసారి కాల్వలు పక్కనపెట్టి బొమ్మల గురించి రాస్తున్నాను.

నేను ఎక్కువగా పనిచేసింది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో. ఏ ఏడు ఏ హోదాలో ఉన్నానో మీకు అక్కర్లేదు, చెప్పుకునేంత హోదాలూ కావు. కాల్వలు, కల్వర్టులు, నీళ్ళ ట్యాంకులు కట్టాను. అవి సరిగ్గా పనిచేసినంత కాలం కట్టినవాడెవడని ఎవరూ అడగరు. ఊళ్ళో జనం ఇంజనీరును గుర్తుపెట్టుకునేది చౌరస్తాలో అతను నిలబెట్టిన బొమ్మను బట్టే. ఆ పనికి మా లెక్కల్లో పేరు సుందరీకరణ. నేను చదివిన కాలేజీలో సిమెంటు గురించి నాలుగేళ్ళు చెప్పారు, అందం గురించి ఒక్క గంట కూడా చెప్పలేదు.

మా కాలంలో పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. స్థానిక గిరిజన కళాకారుల పనితనాన్ని పట్టణ కూడళ్ళలో ప్రదర్శించవలెను అని. మా చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా ఉన్నాయి, ఉత్తరువు సబబైనదే. అయితే అందులో కళాకారులను కలవవలెను అని ఎక్కడా రాసి లేదు. రాయని పని మేము చేయం కనుక కలవలేదు.

సూర్యాపేట బొమ్మ

రెండువేల రెండులో అనుకుంటాను, సూర్యాపేటలో ఒక కూడలిలో లంబాడా స్త్రీ విగ్రహం పెట్టాలని తీర్మానించారు. విగ్రహాలు చేసే ఒకాయన మట్టితో మూరెడు బొమ్మ చేసి తెచ్చి చూపించాడు. అద్దాల లంగా, నడుం మీద కుండ, చేతుల నిండా గాజులు. బాగుందన్నాం. ఆయన బొమ్మను సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు నెలల తర్వాత ఎనిమిది అడుగుల సిమెంటు విగ్రహం లారీలో దిగింది. రంగు వేశాం, లైట్లు పెట్టాం, తెర కప్పాం.

ప్రారంభోత్సవానికి నిండుదనం కోసం దగ్గరి తండా నుంచి ఇరవైమంది ఆడవాళ్ళను ట్రాక్టరులో పిలిపించాం. తెర తీశారు. చప్పట్లు కొట్టారు. తండావాళ్ళు మాత్రం కొట్టలేదు. వాళ్ళలో ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"సారూ, ఈమె మొగడు ఎన్నడు సచ్చిండు?"

నాకు అర్థం కాలేదు. ఆమె తన చెయ్యి చూపించింది. మోచేతి పైన భుజం దాకా వరసగా తెల్లగాజులు. పెళ్ళైన స్త్రీకి అవి ఉంటాయి, భర్త పోతే తీసేస్తారు. మా విగ్రహానికి ముంజేతి గాజులు మాత్రమే ఉన్నాయి. పై గాజులు అచ్చులో విరిగిపోతున్నాయని శిల్పి వాటిని ఎత్తేశాడట. మట్టిబొమ్మకు ఉండెనే అంటే, "దానికీ లేవు సార్, మీరు సరిగ్గా చూడలేదు" అన్నాడు. మట్టిబొమ్మ ఎక్కడుందంటే కరిగించేశానన్నాడు. ఊళ్ళోకి వచ్చేవాళ్ళందరికీ భర్త పోయిన ఆడమనిషిని ఎదురు నిలబెట్టామని తండాల్లో చెప్పుకుని నవ్వారు. కొందరు నవ్వలేదు, నొచ్చుకున్నారు.

చివరికి మా మేస్త్రీ డ్రైనేజీ పైపును సన్నగా చక్రాల్లా కోసి, ఒక్కోదాన్ని ఒకవైపు చీల్చి, చేతికి తొడిగి, తెల్లరంగు వేశాడు. ఆ రకంగా ఆమెకు ఐదోతనం మురుగు పైపుతో వచ్చింది. నేను బదిలీ అయ్యేనాటికి అవి చెక్కుచెదరలేదు. సూర్యాపేటలో నేను చేసిన అత్యంత మన్నికైన పని అదేనేమో.

పెద్దసారు పాఠం

అప్పటి మా పై అధికారి మంచి పనిమంతుడు, నోరు మాత్రం చెడ్డది. పిలిపించి నిలబెట్టి అడిగాడు.

"నమూనా ఏదయ్యా?"

"శిల్పి తీసుకపోయిండు సార్."

"సిమెంటు కొంటే నమూనా తీస్తవ్. ఇటుక కొంటే నమూనా తీస్తవ్. మనిషిని నిలబెట్టేటప్పుడు నమూనా వద్దా? ఇయ్యాల్టి సంది ఏది చేయించినా మూడు నమూనాలు ఉండాలె. ఒకటి మన ఆఫీసుల, ఒకటి కాంట్రాక్టరు దగ్గర, ఒకటి నల్లగొండ జిల్లా ఆఫీసుల. మూడూ ఒక్క సరుకులకెల్లే తియ్యాలె. ఇగ ఎవడు మాట మారుస్తడో సూద్దాం."

ఆ మాట నా తలలో మేకులా దిగింది. కోదాడకు బదిలీ అయ్యాక అదే నా మతం అయిపోయింది. అక్కడ పార్కు గోడకు బొమ్మల పలకలు అతికించే పని వచ్చింది. కాంట్రాక్టరు పలకను మూడు ముక్కలు కోయించి, ఒక్కోదానికి రెండు రంధ్రాలు వేయించి, ట్యాగుతో కట్టించి, ముద్ర కొట్టించి, పొడి సంతకం చేశాను. ఆయన ఆశ్చర్యపోయాడు.

"ఏవండీ ఇంజనీరుగారూ, పలకను కూడా మూడు ముక్కలు చెయ్యాలంటారా? మమ్మల్ని నమ్మరా మీరు?"

నమ్మలేదు. మంచిదే అయింది. రెండో లారీలో పలచటి పలకలు వచ్చాయి, నమూనా పక్కన పెట్టి చూపిస్తే నోరెత్తకుండా వెనక్కి తీసుకుపోయాడు. నా పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది. అక్కడ నా దగ్గర సీనియర్ అసిస్టెంటుగా పనిచేసిన యాదగిరి ఒకసారి రెండు నమూనాలే తీసి ఊరుకుంటే అందరి ముందూ కేకలేశాను. ఆయన వయసులో నాకంటే పెద్ద, మంచి మనిషి. తలవంచుకుని విని, "ఇంకోసారి కాదు సార్" అన్నాడు. నిజంగానే ఇంకోసారి ఆ తప్పు చేయలేదు. అదే నా కొంప ముంచింది.

కమ్లి ఓణీ

రెండువేల తొమ్మిదిలో మిర్యాలగూడలో ఉన్నాను. యాదగిరి కూడా అక్కడికే వచ్చాడు. మళ్ళీ అదే ఉత్తరువు, ఈసారి బస్టాండుకు దగ్గరలో ఒక చౌరస్తా పక్కన ఇరవై నాలుగు అడుగుల గోడ. సూర్యాపేట దెబ్బ తిన్నాను కనుక శిల్పులను, బొమ్మల పుస్తకాలను నమ్మదలచుకోలేదు. అసలు కుట్టేవాళ్ళనే వెతుక్కుంటూ దామరచర్ల వైపు ఒక తండాకు పోయాను.

అక్కడ కుట్టుపనికి పేరున్న మనిషి కమ్లి అని చెప్పారు. ఆమెకు అప్పుడు నలభై ఐదేళ్ళుంటాయి. పత్తి ఏరి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. గోడ మీద మీ కుట్టుపని కావాలి, మీరే వచ్చి చేయాలి అన్నాను.

"బట్ట మీద కుట్టేది గోడ మీద ఎట్లొస్తది సారూ? గోడ తల మీద కప్పుకుంటరా?"

తడి సిమెంటులో అద్దాలు, గవ్వలు, రంగు పలకల ముక్కలు ఒత్తవచ్చని వివరించాను. ఆలోచించి లోపలికి వెళ్ళి ఒక ఓణీ తెచ్చింది. తల మీద కప్పుకునే ఎర్రటి నూలు ఓణీ, బొటనవేలి గోరంత అద్దాలు, అంచున గవ్వలు. కుట్టింది వాళ్ళ అమ్మ హస్లి, కమ్లి మాటలో అవ్వ. చివరి మూల కుట్టేనాటికి ఆమె కళ్ళు పోయాయట. వేలితో తడుముకుంటూ పూర్తిచేసింది. ఆ మూలలో కుట్లు వంకరగా ఉన్నాయి. కమ్లి అది కప్పుకునే అత్తవారింటికి వచ్చింది.

"ఈ కుట్టు అయితె గోడ మీద పెడ్త," అంది. "మా అవ్వది నలుగురు సూస్తరు. కని జర జాగ్రత్త సారూ. నా బిడ్డ మంజుల పెండ్లి ఉంది వచ్చే నెల. పుట్టింటి గడప దాటేటప్పుడు ఇదే కప్పుకొని అందర్ని పట్టుకొని ఏడ్సుకుంట పాడాలె. ఇది లేకపోతె ఆ పాట పాడుడు గాదు."

"పది రోజుల్లో తెచ్చి నీ చేతిలో పెడతానమ్మా, పూచీ నాది," అన్నాను. అంచనా వేయడానికి, రంగులు కొనడానికి ఆఫీసులో ఒక మాదిరి ఉండాలి కదా, అంతే నా ఉద్దేశం.

ఆఫీసుకు వచ్చి ఓణీని యాదగిరి చేతిలో పెట్టి ఒకే మాట అన్నాను. "నమూనా. జాగ్రత్త." మర్నాడు పొద్దున్నే హైదరాబాదులో శిక్షణ తరగతులకు వెళ్ళిపోయాను. నీటి పొదుపు మీద నాలుగు రోజులు.

తిరిగొచ్చేసరికి నా బల్ల మీద బ్రౌను కవరు ఉంది. అందులో ఓణీ మూడో వంతు. రెండు రంధ్రాలు, తెల్ల ట్యాగు, మూలన ఆఫీసు ముద్ర, కింద యాదగిరి పొడి సంతకం.

"మిగతాది?"

"ఒకటి కాంట్రాక్టరుకు ఇచ్చిన సార్, ఒకటి నల్లగొండ పంపిన, రశీదు గూడ వచ్చింది," అన్నాడు యాదగిరి. మొహం వెలిగిపోతోంది. "అద్దాలు పగలకుంట సూసి సూసి కోసిన. ఒక్కటి గూడ పలగలే."

ఆయన మీద అరవడానికి నోరు తెరిచాను, అరవడానికి ఏమీ దొరకలేదు. ఆయన నా మాటను అక్షరాలా పాటించాడు. నా మొహం చూసి ఏదో తప్పు జరిగిందని గ్రహించి, "మీరు నమూనా అన్నరు గద సార్?" అన్నాడు భయంగా. అన్నాను. ఆ ఓణీ ఎవరిదో, ఎందుకు కావాలో చెప్పడానికి ఇంకో రెండు మాటలు ఖర్చవుతాయని చెప్పలేదు.

కాంట్రాక్టరు దగ్గరి ముక్క అతని స్కూటరు డిక్కీలో దొరికింది. నల్లగొండది మాత్రం అంత తేలిగ్గా రాలేదు. పంపిన నమూనాను వాపసు కోరడానికి కారణం రాసివ్వమన్నారు. "పెండ్లి ఉన్నందున" అని రాశాను. ఎవరి పెళ్ళి అని అడిగారు. మూడుసార్లు తిరిగి, నాలుగోసారి అక్కడే బెంచీ మీద కూర్చుని కదలనంటే ఇచ్చారు. అప్పటికి నేను చెప్పిన పది రోజులు దాటి వారమైంది.

తండాలో

మూడు కవర్లూ పట్టుకుని ఒక్కణ్ణే పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. కమ్లి కవర్లు విప్పి మూడు ముక్కల్నీ నులక మంచం మీద పక్కపక్కన పెట్టింది. ట్యాగులు విప్పింది. రంధ్రాల్లో వేలు పెట్టి చూసింది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆమె అనలేదు.

"పూచీ అన్నవు గద సారూ."

"మా ఆఫీసు పద్ధతమ్మా. నమూనా అంటే మూడు…"

"మాకు గూడ పద్ధతి ఉంటది. అవ్వ కుట్టిన బట్ట మీద కత్తెర పెట్టం."

"తప్పు నాదే. కొత్తది కొనిస్తాను. ఎంతదైనా సరే."

అప్పుడు తలెత్తింది. "కొనిస్తవా? మా అవ్వ కండ్లు గూడ ఏడనన్న దొరుకుతయా, కొనుక్కొస్తవా?"

నా ఉద్యోగంలో చాలామంది చేత తిట్లు తిన్నాను. కౌన్సిలర్లు తిట్టారు, నీళ్ళు రాలేదని ఆడవాళ్ళు బిందెలతో ఆఫీసు మీదికొచ్చి తిట్టారు. ఏ తిట్టుకూ నాకు నిద్ర పట్టకపోలేదు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం చాలా రోజులు అన్నం సయించలేదు. చెబితే సిగ్గుచేటు, తిరిగొచ్చేటప్పుడు జీపులో ఏడ్చాను. డ్రైవరు చూసీ చూడనట్టు రోడ్డు వైపే మొహం పెట్టుకున్నాడు.

వచ్చేముందు గోడ సంగతి ఎత్తానని కూడా ఒప్పుకోవాలి. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది. "పెండ్లికి పన్నెండు దినాలుంది. నువ్వు జర పో సారూ," అంది.

పెళ్ళి

నన్నెవరూ పిలవలేదు. అయినా పోయాను. యాదగిరి కూడా వస్తానన్నాడు. సంగతంతా తెలిశాక ఆయన కత్తెర ముట్టుకోవడం మానేశాడు, కవరు చింపాలన్నా నా వైపు చూసేవాడు. ఇద్దరం పందిరి బయట, ట్రాక్టరు పక్కన నిలబడ్డాం.

అప్పగింతల వేళ మంజుల బయటికి వచ్చింది. తల మీద ఆ ఓణీయే ఉంది. ముక్కలను కలిపిన రెండు చోట్లా కమ్లి పసుపుపచ్చ దారంతో వేలెడు వెడల్పున కుట్టింది. దాచాలని చూడలేదు, దూరం నుంచే కనబడుతోంది. మేం వేసిన ఆరు రంధ్రాల మీద ఆరు కొత్త అద్దాలున్నాయి. ఆ పిల్ల తల్లి మెడ పట్టుకుని పాడుతూ ఏడ్చింది. నాకు వాళ్ళ భాష రాదు. యాదగిరికీ రాదు. అయినా ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

పెళ్ళికూతురు వెళ్ళాక కమ్లి మా దగ్గరికి వచ్చింది. ఓణీ మూల మీద మా ఆఫీసు ముద్ర అలాగే ఉండటం నేను అంతకుముందే చూశాను. దాని మీద కూడా ఒక అద్దం కుట్టవలసింది కదమ్మా అన్నాను.

"ఉండనీ. ఎవలు కోసిండ్రో రేపు నా మనుమరాలికి తెల్వాలె గద," అంది. తర్వాత యాదగిరిని చూసి, "అద్దాలు పలగకుంట కోసింది నువ్వేనా? చెయ్యి మంచిదే. బుద్ధే లేదు," అంది. ఆయన దాన్ని ప్రశంసగానే తీసుకున్నాడు. ఇద్దరికీ బువ్వ పెట్టింది.

గోడ

పెళ్ళైన నాలుగు రోజులకు కమ్లి ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తనే ఆఫీసుకు వచ్చింది. నేను రమ్మనలేదు, రమ్మనే మొహమూ లేదు. ఎందుకొచ్చావంటే, "నలుగురు సూడాలె అంటి గద. నువ్వు కోస్తె ఆ మాట మారుతదా?" అంది.

పని మొదటిరోజే మేస్త్రీ సైదులుకూ ఆమెకూ పేచీ వచ్చింది. అతను గోడంతా ఒక్కసారే పూత పూసి తొందర పెట్టాడు. ఆమె ఒక తట్ట సిమెంటు కలిపించుకుని, జానెడు జాగాలో పూయించి, అది ఒత్తడం అయ్యాకే ఇంకో జానెడు అనేది. "బట్ట ఆగుతది. నీ సిమెంటు ఆగదు. అందుకే కొంచెం కొంచెం," అంది. అంచనాలో ఎనిమిది రోజులని రాశాను, ముప్పై నాలుగు రోజులు పట్టింది. ఇది మీకు పనికొచ్చే ముక్క. చేతిపనికి గడువు మీరు రాయకండి, చేసేవాళ్ళను అడగండి.

పెద్ద అద్దాలు వాడదామన్నాను, దూరానికి కనబడతాయని. గోరంతవే కావాలంది. పెద్దవి పెడితే సాయంత్రం ఎండ లారీ డ్రైవర్ల కళ్ళలో కొడుతుందంది. ఆ గోడ పడమటి మొహమని నక్షా గీసిన నాకు తోచలేదు.

ఎనిమిదో అడుగు దగ్గర పని ఆపి, పైనుంచి కిందికి గోడను వేలెడు వెడల్పున కాస్త లోతుగా చెక్కమంది. పదహారో అడుగు దగ్గర మళ్ళీ అంతే. ఆ చాళ్ళకు రెండు వైపులా పసుపుపచ్చ పలక ముక్కలు కుట్లలా అడ్డంగా పేర్చింది. సైదులు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, గోడ పలిగినట్టు కనవడ్తది. ఆమెకు జర చెప్పుండ్రి."

ఆమె వినే అంది. "కనవడాలె."

నేను ఏమీ చెప్పలేదు. ఉద్యోగంలో నేను సరైన సమయంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందులో అది ఒకటి. కుడి చివర మూలలో అద్దాలు వంకరగా ఉన్నాయని కూడా సైదులు సరిచేయబోయాడు. ఆ మూలను ఆమె కళ్ళు మూసుకుని, తడుముకుంటూ పెట్టిందని అతనికి తెలియదు.

శిలాఫలకం

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. శిలాఫలకం మీద పదకొండు పేర్లున్నాయి. నా పేరు తొమ్మిదోది. కాంట్రాక్టరు పేరు కూడా ఉంది, అతను చేసిందల్లా సామాన్లు దింపించడం. కమ్లి పేరు లేదు. పేర్లు నింపి పంపే నమూనా పత్రంలో కళాకారుల గడి లేదు, ఉన్న గడులన్నీ నింపి పంపాను. ఒక గడి గీయడానికి స్కేలు, పెన్సిలు చాలు. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. ఆమె ఆ రాయి ముందు కాసేపు నిలబడి, చదువు రాదు కనుక, "మా అవ్వ పేరు ఏడుంది సారూ?" అని అడిగింది. తర్వాత చెక్కిస్తామన్నాను. నా పూచీల సంగతి ఆమెకు అప్పటికే తెలుసు కదా. రిటైరయ్యేలోపు ఆ పని చేయించలేదు.

ఏడాదికి నాణ్యత తనిఖీ బృందం వచ్చింది. గోడకు పైనుంచి కింది దాకా రెండు నిలువు పగుళ్ళు గమనించబడినవి, సంబంధిత ఇంజనీరు సంజాయిషీ ఇవ్వవలెను అని మెమో పంపారు. నిజం రాస్తే ఓణీ కథ, కత్తెర కథ, నల్లగొండ బెంచీ కథ అన్నీ రాయాలి. ఒక్క వాక్యం రాసి పంపాను. "అవి పగుళ్ళు కావు, ఎండకు సిమెంటు వ్యాకోచించుటకై ఉద్దేశపూర్వకంగా విడిచిన జాయింట్లు." ఇరవై నాలుగు అడుగుల గోడకు అంత వ్యాకోచం ఎందుకని ఎవరూ అడగలేదు. పైగా మెచ్చుకున్నారు. ఇకమీదట అలంకరణ గోడలన్నింటికీ ఇదే విధంగా రెండు జాయింట్లు విడవాలని కింది ఆఫీసులకు రాశారు. ఆ తర్వాత కట్టిన గోడలు కొన్ని చూశాను. సరిగ్గా మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర ఒకటి. ఎవరి కత్తెర గీతలో కట్టినవాళ్ళకు తెలియదు.

రిటైరైన రెండేళ్ళకు, మొన్న, మిర్యాలగూడ నుంచి ఒక కొత్త ఇంజనీరమ్మాయి ఫోను చేసింది. గోడకు మరమ్మతు చేస్తోందట.

"సార్, ఆ రెండు జాయింట్లల్ల దుమ్ము నిండింది. సీలెంట్ తోని పూడ్చి పైన సాఫ్ చేసి రంగు వేద్దామనుకుంటున్న. ఫైల్ల మీ లెటర్ ఉంది. పూడ్చొచ్చా?"

పూడ్చొద్దని చెప్పాను. అవి జాయింట్లు కావన్నాను. ఫైల్లో ఉన్నది నేను ఆడిన అబద్ధమన్నాను.

"మరి ఏంది సార్ అవి?"

"నేను కోయించినవమ్మా. ఆమె కుట్టింది."

"ఎవరు సార్?"

ఆ ప్రశ్న కోసం గోడ కట్టిన నాటి నుంచి ఐదేళ్ళు ఎదురుచూశానని నాకు అప్పుడే తెలిసింది. స్కేలు, పెన్సిలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది.

"శిలాఫలకం నమూనా పత్రం తీసి, కింద ఇంకో గడి గియ్యి. రెండు పేర్లు పట్టేంత గియ్యి. చెబుతున్నాను, రాసుకో. హస్లి. ఆమె కూతురు కమ్లి."